బూస్ట్ ఇంజన్ రీబిల్డ్: కర్నూలు, కడప సీమలో విడిభాగాల ఎంపిక

తనంతట తాను పీల్చుకునే గాలి చాలక, ఒత్తిడితో గాలిని సిలిండర్లలోకి నెట్టించుకునే ఇంజన్‌ను బూస్ట్ ఇంజన్ అంటారు. గాలిని నెట్టే యంత్రం క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టుతోనో గేర్లతోనో తిరిగితే అది సూపర్‌చార్జర్. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తోపుతో తిరిగితే టర్బోచార్జర్. స్పోర్ట్స్ కార్ల లోకంలో మొదటిదానికి పేరెక్కువ. పాత కర్నూలు, కడప జిల్లాల్లో మాత్రం బూస్ట్ అంటే టర్బో డీజిలే. 44వ, 40వ జాతీయ రహదారుల మీద తిరిగే లారీలు, సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలే టిప్పర్లు, మంగంపేట ముగ్గురాయి గనుల్లోని పొక్లెయిన్లు, నీళ్ల కోసం వందల అడుగులు తవ్వే బోరుబండ్లు, వీటన్నిటి ఇంజన్లూ దాదాపు ఈ జాతివే. ఆ ఇంజన్లు రీబిల్డ్‌కు వచ్చినప్పుడు ఏ భాగం మార్చాలి, ఏది ఉంచాలి, ఏ రకం కొనాలి అనే నిర్ణయాలే ఈ వ్యాస విషయం. సూపర్‌చార్జ్‌డ్ స్పోర్ట్స్ కారుకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఎక్కడ తేడా వస్తుందో ఆ సందర్భంలోనే చెప్పుకుందాం.

పుట్టుపూర్వోత్తరాలు

గాలిని నెట్టే యంత్రం కారు కంటే పాతది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు రెండు రోటర్ల బ్లోయరుకు 1860లో పేటెంటు పొందారు. కొలుములకూ గనులకూ గాలి అందించడం దాని పని. ఇంజన్‌లోకి గాలిని నెట్టే పద్ధతిని గాట్‌లీబ్ డైమ్లర్ 1885 నాటి తన జర్మన్ పేటెంటులో చేర్చాడు. పొగ తోపుతో తిరిగే టర్బోకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1921 బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ కార్లను జనం ముందుకు తెచ్చింది. 1930ల్లో స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిషోల్మ్ స్క్రూ రోటర్లతో గాలిని నొక్కే కంప్రెసర్‌ను రూపొందించాడు.

లారీల లోకానికీ పందెపు కార్ల లోకానికీ చుట్టరికం ఒకటుంది. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన 71 వరుస రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్లకు రూట్స్ బ్లోయరు తప్పనిసరి అంగం. యుద్ధం తర్వాత అమెరికా కుర్రకారు ఆ వరుసలోని పాత 6-71 ఇంజన్ల మీది బ్లోయర్లను విప్పి తమ పందెపు కార్ల పెట్రోల్ ఇంజన్ల నెత్తిన బిగించారు. బానెట్ చీల్చుకుని పైకి కనబడే ఆ పెద్ద బ్లోయరు స్పోర్ట్స్ కారుకు గుర్తుగా మారింది. దాని పుట్టుక మాత్రం బరువు బండ్లలోనే.

మన బోరుబండి పక్కన నిలబడే కంప్రెసర్ లారీలో ఉన్నదీ లిషోల్మ్ వంశపు స్క్రూ రోటర్లే. తేడా ఒక్కటే. బోరు కంప్రెసర్ రోటర్ల మధ్య ఆయిల్ పారుతుంది, కారు సూపర్‌చార్జర్ రోటర్ల మధ్య ఆయిల్ ఉండదు. కారు సూపర్‌చార్జర్‌లో రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా గేర్లు కాపాడతాయి. కంప్రెసర్ రోటర్ల సందు కొలవడం వచ్చిన సీమ మెకానిక్కుకు సూపర్‌చార్జర్ పరాయి వస్తువేమీ కాదు.

ఎండ, దుమ్ము, నీళ్లు

ఇంజన్ భాగాల కేటలాగు ప్రపంచమంతటికీ ఒకటే. కానీ భాగాలు అరిగే తీరు ఊరి వాతావరణాన్ని బట్టి మారుతుంది. సీమలో ఎంపికను శాసించేవి మూడు.

మొదటిది ఎండ. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 42 నుంచి 45 డిగ్రీలు మామూలే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. అంటే అంతే ఒత్తిడికి ఇంజన్‌లోకి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 70 శాతం సామర్థ్యమున్న టర్బో 45 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే, బయటికొచ్చే గాలి వేడి దాదాపు 145 డిగ్రీలు. లోపలికి పోయే గాలి 25 డిగ్రీలుంటే ఇదే లెక్క 118 దగ్గర ఆగుతుంది. ఇంటర్‌కూలర్ పని ఈ వేడిని దించడమే. రేడియేటరు ముందున్న దాని రెక్కల్లో బురద, గడ్డిపూచలు పేరుకున్న బండిలో కొత్త పిస్టన్లు వేసినా ఆ వేడి వాటిని వదలదు.

రెండోది దుమ్ము. అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర పూర్తి బూస్టుతో పనిచేస్తే నిమిషానికి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. 8 గంటల పనిలో అది 5,000 ఘనపు మీటర్లకు దగ్గర. ఆ గాలిలో ఏ దుమ్ముందన్నది నేలను బట్టి ఉంటుంది. నార్జి, కోయిలకుంట్ల సున్నపురాయి పొరల్లోని కాల్‌సైట్ గట్టిదనం మోస్ కొలమానంలో 3. మంగంపేట బెరైటీస్‌ది 3 నుంచి 3.5. పాణ్యం, బనగానపల్లె, శ్రీశైలం క్వార్ట్‌జైట్ పొరల్లోని క్వార్ట్జ్‌ది 7. సిలిండరు లైనరు పోత ఇనుముకంటే క్వార్ట్జ్ గట్టిది. అందుకే సున్నపురాయి క్వారీలో తిరిగిన టిప్పర్ కంటే క్వార్ట్‌జైట్ గుట్టలో బోరు వేసే కంప్రెసర్ లారీ ఇంజన్‌కు దుమ్ము వల్ల వచ్చే ముప్పు ఎక్కువ. ఆ లారీ బోరుగుంత పక్కనే నిలబడి, గుంతలోంచి లేచే రాతిపొడినే పీలుస్తుంది మరి.

మూడోది నీళ్లు. ఇక్కడి బోరునీళ్లలో లవణాలు, సున్నం ఎక్కువ. రేడియేటరులో ఆ నీళ్లే పోస్తూ పోతే బ్లాకు లోపలి నీటి దారుల్లో పొర కడుతుంది. గేజీలో వేడి మామూలుగానే కనబడుతుంది, పొర వెనుక లైనరు మాత్రం కాలిపోతుంటుంది. తడి లైనర్లున్న ఇంజన్లలో ఇంకో చేటు ఉంది. లైనరు అదురుడుకు నీళ్లలో బుడగలు పుట్టి, పేలి, బయటి గోడ మీద గుంతలు తొలుస్తాయి. సరైన కూలెంటులోని రసాయనాలు లైనరు మీద రక్షణ పొరనిచ్చి దీన్ని అడ్డుకుంటాయి. రీబిల్డ్ ఖర్చుతో పోలిస్తే కూలెంటు ఖర్చు చాలా చిన్నది. అయినా ఎక్కువమంది పొదుపు చేసేది అక్కడే.

విప్పి చదవడం

ఇంజన్ ఆయిల్ తాగుతోంది, బ్రీదరులోంచి పొగ తంతోంది, పికప్ పోయింది అని బండి షెడ్డుకొస్తుంది. చాలాచోట్ల మొదట జరిగేది పిస్టన్, లైనరు, రింగుల కిట్టు కొనుక్కురావడం. ఈ క్రమమే తప్పు. పాత భాగాలు ఎందుకు పోయాయో అవే చెబుతాయి. ఆ కారణం తేలేదాకా కొత్తది కొనకూడదు.

అన్ని సిలిండర్లలోనూ లైనరు పై అంచు దగ్గర, మొదటి రింగు వెనుదిరిగే చోట, అరుగుదల ఎక్కువగా ఉండి రింగు ముఖం మసకబారి ఉంటే దుమ్ము గాలి దారిలో వచ్చింది. ఫిల్టరు తర్వాతి రబ్బరు గొట్టం వేలితో తుడిచి చూస్తే రుజువు దొరుకుతుంది. టర్బో కంప్రెసరు చక్రం రెక్కల అంచులు కొరికినట్టుంటే అది రెండో రుజువు. అరుగుదల కింది భాగంలోనూ ఉండి, బేరింగుల్లో రేణువులు గుచ్చుకుని ఉంటే మురికి ఆయిల్ దారిలో తిరిగింది. పిస్టన్ నడుము చుట్టూ గీసుకుపోతే వేడి, లేదా నీళ్ల లోపం. ఒకే పిస్టన్ నెత్తిన కరిగిన గుంత ఉంటే ఆ సిలిండరు నాజిల్ స్ప్రే చేయకుండా కారింది. అన్ని పిస్టన్ల నెత్తులూ కాలి ఉంటే ఎవరో పంపులో డీజిల్ పెంచారు. బరువెక్కువైనప్పుడు పికప్ కోసం పంపు తిప్పించుకోవడం సీమ లారీల్లో కొత్త సంగతి కాదు. నల్లపొగ దాని తొలి హెచ్చరిక.

తర్వాతిది కొలత. బోరు గేజితో సిలిండరును పైన, మధ్యన, కింద, రెండు దిశల్లో కొలిచి, కోనెంత, అండాకారమెంత అని రాసుకోవాలి. క్రాంకు జర్నళ్లను మైక్రోమీటరుతో కొలవాలి, పగుళ్లకు అయస్కాంత పరీక్ష చేయించాలి. హెడ్డు, బ్లాకు ముఖాలను తిన్నని పట్టీ పెట్టి చూడాలి. పిస్టన్ సైజు ఎంతన్నది ఈ అంకెలే చెప్పాలి.

బ్లాకు, పిస్టను, రింగులు

లైనరు పద్ధతిని బట్టి ఇంజన్లు మూడు రకాలు. బ్లాకులోనే సిలిండరు తొలిచినవి, పొడి లైనరు దిగగొట్టినవి, నీళ్లు నేరుగా తగిలే తడి లైనరువి. టాటా, కమ్మిన్స్ ఉమ్మడిగా 1993లో నెలకొల్పిన సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన 5.9 లీటర్ల బి వరుస ఇంజన్ మొదటి రకం. బోరు 102, స్ట్రోకు 120 మిల్లీమీటర్లు. దీన్ని 0.5 మిల్లీమీటరు, తర్వాత 1 మిల్లీమీటరు పెద్ద పిస్టన్లకు బోరు చేయవచ్చు. అందువల్ల మొదటిసారే అవసరానికి మించి కోస్తే బ్లాకు ఆయుష్షులో ఒక మెట్టు పోయినట్టే. తడి లైనరు ఇంజన్లో బోరు కోయడం ఉండదు, కొత్త లైనరు దించాలి. అక్కడ లైనరు బ్లాకు ముఖం పైకి ఎంత లేచి ఉండాలో తయారీదారు చెప్పిన కొలత తప్పకూడదు. తగ్గితే గ్యాస్కెట్టు పట్టదు, హెచ్చితే లైనరు అంచు పగులుతుంది.

ఒకే ఇంజన్‌కు టర్బో ఉన్న రకం, లేని రకం రెండూ మార్కెట్లో ఉన్నప్పుడు పిస్టన్లు చూపుకు ఒకేలా ఉంటాయి. మోసం ఇక్కడే. టర్బో పిస్టన్ నెత్తి గుంత ఆకారం వేరు. మొదటి రింగు గాడిలో అరుగుదలను తట్టుకునే నికెల్ ఇనుప పట్టీ పోసి ఉంటుంది. ఆ రింగు కోణపు అంచులతో ఉండి, గాడిలో మసి పేరుకోనివ్వదు. చాలా టర్బో ఇంజన్లలో కింది నుంచి పిస్టన్ మీదికి ఆయిల్ చిమ్మే చిన్న నాజిళ్లు కూడా ఉంటాయి. బ్లాకు కడిగేటప్పుడు అందులో ఒకటి వంగినా, మూసుకుపోయినా, ఆ పిస్టన్ కొద్ది కాలానికే కాలిపోతుంది. కాబట్టి సైజు అంకె మాత్రమే చూసి టర్బో లేని ఇంజన్ పిస్టన్ వేయకూడదు.

రింగులు కొత్తవైతే సిలిండరు గోడకు అడ్డుగీతల హోనింగు తప్పనిసరి. నునుపుగా మెరిసే గోడ చూడ్డానికి బాగుంటుంది, ఆయిల్‌ను మాత్రం నిలుపుకోలేదు. హోనింగు తర్వాత డీజిల్‌తో తుడిచి వదిలేయడం పెద్ద పొరపాటు. హోనింగు రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. అప్పుడు ఆయిల్ రాయాలి.

క్రాంకు, బేరింగులు, హెడ్డు

క్రాంకు జర్నళ్లను 0.25, 0.50 మిల్లీమీటర్ల మెట్లలో గ్రైండింగు చేసి, ఆ మేరకు అండర్‌సైజు బేరింగులు వేస్తారు. జర్నలు అంచున ఉండే గుండ్రటి మూల పదునుగా మారకుండా చూడాలి. బూస్ట్ ఇంజన్లో క్రాంకు విరిగేది సాధారణంగా అక్కడే. బేరింగు సందుకు పనికొచ్చే పాత లెక్కొకటి ఉంది. జర్నలు వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 70 మిల్లీమీటర్ల జర్నలుకు 0.07 మిల్లీమీటరు. అయితే తయారీదారు పుస్తకంలోని కొలతకే మొదటి మాట దక్కాలి.

హెడ్డు ముఖం వంకరైతే ప్లేన్ చేయిస్తారు. ప్రతి ప్లేనింగుతో కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. బూస్ట్ ఇంజన్‌కు రెండూ మంచివి కావు. పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో కొలిచి, దానికి తగ్గ మందం గ్యాస్కెట్టు ఎంచుకోవాలి. ఒక్కసారికే పనికొచ్చే రకం హెడ్డు బోల్టులను తిరిగి బిగించడం చాలా చోట్ల చూస్తాం. సాగిన బోల్టు టార్కు రెంచీకి సరిగ్గానే పలుకుతుంది, బూస్టులో హెడ్డును మాత్రం గట్టిగా పట్టదు.

టర్బో, ఫిల్టరు

టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. అది తేలేది పలచని ఆయిల్ పొర మీద. రీబిల్డ్‌లో టర్బో కోరు మార్చేవాళ్లు కూడా దానికి ఆయిల్ తెచ్చే సన్న గొట్టాన్ని పాతదే ఉంచుతారు. ఆ గొట్టంలో మసి గడ్డకట్టి ఉంటే కొత్త కోరు ఎక్కువ కాలం బతకదు. గొట్టం కొత్తది వేయాలి, స్టార్టు చేసేముందు టర్బోలోకి ఆయిల్ పోసి చేత్తో తిప్పాలి. ఇంటర్‌కూలర్‌ను లోపల కూడా కడగాలి. పాత టర్బో రెక్క విరిగి ఉంటే దాని తునకలు అక్కడే దాగి ఉంటాయి.

ఈ ప్రాంతానికి ఒక్క భాగం మీద ధారాళంగా ఖర్చు పెట్టమంటే ఈ వ్యాసకర్త చూపేది గాలి ఫిల్టరునే. పెద్ద దుమ్మును సుడితిప్పి విసిరేసే ప్రీక్లీనరు, దాని తర్వాత ప్రధాన కాగితపు ఫిల్టరు, లోపల రక్షక ఫిల్టరు, ఈ మూడూ ఉండాలి. రక్షక ఫిల్టరును గాలి కొట్టి తిరిగి వాడకూడదు, మార్చేయాలి. ప్రధాన ఫిల్టరుకు కంప్రెసర్ గాలి దగ్గరనుంచి కొడితే కాగితానికి కంటికానని చిల్లులు పడతాయి. బోరుబండ్ల దగ్గర గాలికి కొదవ లేదు కాబట్టి ఈ పొరపాటు అక్కడే ఎక్కువ. ఫిల్టరు నుంచి టర్బో దాకా ఉండే రబ్బరు బెండ్లు, క్లాంపులు రీబిల్డ్‌లో కొత్తవే వేయాలి. ఆ చిన్న బీటలోంచి పోయే దుమ్ము ముందు కొత్త పిస్టన్ కిట్టు నిలవదు.

డీజిల్ పంపు, నాజిళ్లు పాత ఇంజన్లలో స్థానికంగా కాలిబ్రేట్ చేయించుకోవచ్చు. బెంగళూరులో 1951లో మొదలైన, డీజిల్ పంపులు చేసే మైకో కంపెనీ పుణ్యమా అని ఆ విద్య ఇక్కడి ఊళ్లకూ చేరింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కామన్ రైల్ ఇంజన్లలో రైల్ ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది. వాటి ఇంజెక్టర్లు తగిన పరీక్షా యంత్రం లేనిచోట విప్పకూడదు.

సూపర్‌చార్జ్‌డ్ పెట్రోల్ ఇంజన్

పెట్రోల్ ఇంజన్లో వేడెక్కిన మిశ్రమం మంట చేరకముందే తనంతట తాను పేలిపోతే నాకింగు అంటారు. ఎంపిక అంతా దీని చుట్టే తిరుగుతుంది. 2000ల నాటి 1.6 లీటర్ల మినీ కార్లు మంచి ఉదాహరణ. సూపర్‌చార్జర్ లేని కూపర్‌కు కంప్రెషన్ నిష్పత్తి 10.6, సూపర్‌చార్జర్ ఉన్న కూపర్ ఎస్‌కు 8.3. గాలి ముందే నొక్కుడుపడి వస్తుంది కాబట్టి సిలిండరులో నొక్కే పనిని తగ్గించారు. అలాంటి ఇంజన్‌కు మామూలు పిస్టన్లు వేసి బూస్టు యథాతథంగా ఉంచితే రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

బూస్టు పెంచదలచుకున్నవారు ఫోర్జ్‌డ్ పిస్టన్లు వాడతారు. సిలికాన్ సుమారు 12 శాతం ఉన్న 4032 అల్యూమినియం మిశ్రమం తక్కువ వ్యాకోచిస్తుంది, బిగుతు సందుతో నిశ్శబ్దంగా నడుస్తుంది. సిలికాన్ బాగా తక్కువున్న 2618 నాకింగుకు సాగుతుంది కాని విరగదు. బదులుగా సందు ఎక్కువ అడుగుతుంది, చల్లటి ఇంజన్లో టకటకలాడుతుంది, త్వరగా అరుగుతుంది. రోజూ దుమ్ములో తిరిగే కారుకు మొదటిదే మేలు. రింగు మూతి సందు కూడా పెరగాలి. బోరులో ప్రతి అంగుళానికి మామూలు ఇంజన్‌కు 0.0045 అంగుళం చాలు. బూస్ట్ ఇంజన్‌కు 0.006 దగ్గర ఉంచుతారు. 81 మిల్లీమీటర్ల బోరుకు ఇది 0.36 నుంచి 0.49 మిల్లీమీటరుకు పెరగడం. తక్కువ ఉంచితే ఎండలో గుట్టెక్కేటప్పుడు రింగు మూతులు కలిసి సిలిండరును గీస్తాయి.

సూపర్‌చార్జర్ రకమూ వేడిని నిర్ణయిస్తుంది. 45 డిగ్రీల గాలిని 0.6 బార్ బూస్టుకు నొక్కితే, 55 శాతం సామర్థ్యమున్న రూట్స్ రకంలో అది 128 డిగ్రీల దాకా పోతుంది. 70 శాతం సామర్థ్యమున్న స్క్రూ రకంలో 110 దగ్గర ఉంటుంది. మన వేసవిలో ఈ 18 డిగ్రీలే నాకింగుకూ భద్రతకూ మధ్య తేడా కావచ్చు. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ నాకింగును తట్టుకోవడంలో మెరుగే, కాని ఒక పాలు పెట్రోల్‌కు కావలసిన గాలి 14.7 నుంచి సుమారు 13.5 పాళ్లకు తగ్గుతుంది. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఇంజెక్టర్లు, పంపు ఆ మేరకు పెద్దవి కావాలి. పాత కారైతే ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టాలూ వేయాలి.

రాయలసీమలోనే బూస్ట్ పెట్రోల్ కార్లు తయారవుతున్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ల, 140 హార్స్‌పవర్ టర్బో రకం ఉండేది. ఆ తరం కార్లు రీబిల్డ్‌కు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి.

కొనుగోలు, చట్టం, అలవాటు

పెట్టె మీది హోలోగ్రాము చూసి అసలు మాల్ అని నమ్మకూడదు. పిస్టన్లను తూచి చూడాలి. ఒక సెట్టులో బరువులు గ్రాముల తేడాతో కలవాలి. రింగును సిలిండరులో పెట్టి సందు కొలవాలి. బేరింగు వెనుక పార్టు నంబరు, సైజు ముద్ర చదవాలి. కొలతకు నిలవని భాగం ఏ పేరుతో వచ్చినా వెనక్కే పోవాలి.

బ్లాకు పగిలి వేరేది వేస్తే ఇంజన్ నంబరు మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ మార్పుకు రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు కావాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చే సూపర్‌చార్జర్ బిగింపుకూ ఇదే సెక్షను అడ్డు.

రీబిల్డ్ అయిన ఇంజన్‌ను గంటల తరబడి ఐడిలింగులో ఉంచితే రింగులు కూర్చోవు, గోడ అద్దంలా మారుతుంది. మధ్యస్థమైన లోడు మీద, ఆర్‌పీఎం మారుస్తూ నడపాలి. తొలి ఆయిల్‌ను, ఫిల్టరును త్వరగా మార్చాలి. లోడు దించి బండి ఆపేముందు రెండు మూడు నిమిషాలు ఐడిలింగులో ఉంచితే టర్బోలో ఆయిల్ మసి కాదు.

బండి యజమానులకు ఒక్క మనవి. లేత్ షాపు నుంచి బోరు, జర్నలు, రింగు సందు, పిస్టన్ సందు కొలతల చీటీ రాయించుకోండి. పాత పిస్టన్లు, బేరింగులు పాతసామాన్ల బండికి వేసేముందు మెకానిక్కుతో కలిసి ఒకసారి చూడండి. కొత్త కిట్టుకు డబ్బు కట్టేది ఆ తర్వాతే.